అడిగి తెచ్చిన గొంగడి

మా ముత్తాత ఏడు ఊళ్లకు దేశ్‌ముఖ్. సంస్థానం దర్బారులో ఆయనకు రెండో వరుసలో ఆసనం ఉండేది. ఆయన తండ్రి బీచుపల్లి రేవుకు వెళ్తే పడవవాళ్లు మిగతా బండ్లను ఆపి ముందు ఆయనను కృష్ణ దాటించేవాళ్లు. మా తాత నాటికి ఏడు ఊళ్లు ఒక ఊరయ్యాయి, ఆ ఊరు కూడా పేరుకే. దర్బారు లేదు, రేవు మీద వంతెన వచ్చింది, పల్లకీ అటక ఎక్కింది. అయినా మా తాత నడుము వంచి నడవడం నేనెన్నడూ చూడలేదు. డెబ్బై దాటిన నా నడుమూ ఇంతవరకు వంగలేదు. దాన్ని పొగరనేవాళ్లున్నారు. అననీ.

ఇప్పుడు చెప్పబోయేది ఒక ముసలి కుక్క సంగతి. మేమెవరమో తెలియకపోతే అది అర్థం కాదు. అందుకే ముందు ఇదంతా రాశాను.

వనపర్తిలో నేను అద్దెకుంటున్న ఇంటి కింది వాటాలో ఒక అమ్మాయి ఉంది, బళ్లో పాఠాలు చెబుతుంది. ఈ చలికాలం ఒక పొద్దున తన కుక్కను చేతులమీద మోసుకుని మెట్లెక్కి వచ్చింది.

"పెద్దమ్మా, మీ ఇంట్ల ఎనకట వేటకుక్కలుండేటియంట గదా. జర దీన్ని చూడు. పదకొండేండ్లది. పొద్దుగాల లేవనీకె వస్తలేదు దీనికి, కాళ్లు కట్టెల్లెక్క అయితున్నయి. మంచి పరుపు కొనుక్కొచ్చిన. దాని మీద పండదు, పోయి బండ మీదనే పండుతది."

పరుపు కూడా తెమ్మన్నాను. తెచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే అంగడి వాసన, కొత్త రబ్బరు వాసన. నొక్కితే గట్టిగా ఉంది. నాకు నవ్వొచ్చింది. ఆ అమ్మాయి నొచ్చుకుందేమోనని కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాను.

మా ఇంటి కుక్కలు కృష్ణకు అవతలి కన్నడ సీమ నుంచి వచ్చినవి. పిల్లలుగా ఉన్నప్పుడు గంపల్లో పెట్టి ఎడ్లబండి మీద తెచ్చారట. సన్నటి నడుము, పొడుగు మూతి, పొట్టి వెంట్రుక, వేలు పెట్టి లెక్కించగలిగే పక్కటెముకలు. ఎండాకాలం కుందేలు వెంట పడితే చెలకల మీద దుమ్ము మాత్రమే కనిపించేది. కానీ ఒంటి మీద పిసరంత కొవ్వు ఉండదు కనుక చలి వాటికి శత్రువు.

వాటికి మా ఇంట్లో ఒక మర్యాద ఉండేది. ముందు అరుగు మీద ప్రతి కుక్కకూ ఒక నల్లబండ. తిండి అక్కడే, పడక అక్కడే. గడప లోపలికి రాకూడదు. దసరా నాడు ఆయుధాలకు పూజ అయ్యాక కుక్కలన్నింటికీ కొత్త మెడపట్టీ, కప్పడానికి కొత్త గొంగడి. పాతది ఆ సాయంత్రమే ఇల్లు దాటేది, పనివాళ్లు పట్టుకుపోయేవాళ్లు. మనుషుల బట్టలకూ ఇదే నియమం. వాడినదాన్ని మూటగట్టి దాచుకోవడం మా ఇంట్లో తప్పు. అందుకే అంత పెద్ద ఇంట్లో వాడివాడి మెత్తబడ్డ గుడ్డ ఒక్కటీ దొరికేది కాదు. ఆ సంగతి నా చిన్ననాటి ఒక చలికాలం దాకా మాకెవరికీ తట్టలేదు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. పదకొండు బండల్లో పది ఖాళీ. పదకొండో దాని మీద ఒక ముసలి ఆడకుక్క. దానికి పేరుంది కానీ మా ఇంటివాళ్ల పేర్లు రాయనప్పుడు దానిది రాయడం న్యాయం కాదు. కళ్లలో నీలం పొర కమ్మింది. మా తాత కర్ర చప్పుడు వింటే ముందుకాళ్లు లేచేవి, వెనుకకాళ్లు లేచేవి కావు. సగం లేచి, తన ఒంటి వెనుకభాగం ఎందుకు రావడం లేదన్నట్టు తిరిగి చూసుకునేది.

పల్లికాయ ఒలిచే రోజులవి. ఇంటి నిండా పల్లికాయ పొట్టు, కందికట్టె పొగ, మా నాయనమ్మ కాల్చే జొన్నరొట్టెల వాసన. పొద్దున అరుగు బండ మీద అరికాలు పెడితే చలి మోకాలి దాకా పాకేది. ఆ బండ మీద ఆ కుక్క రాత్రంతా ఉండేది. వణుకు ఆగేది కాదు.

దానికి సాయం చేయాలని నేను చేసినవన్నీ తప్పులే. మొదట వంటింట్లోంచి కుంపటి ఈడ్చుకొచ్చి దాని పక్కన పెట్టాను. అది కుంపటికి ఆనుకుపోయి కళ్లు మూసింది. కాసేపటికి వెంట్రుకలు కమిలిన వాసన. మా నాయనమ్మ అట్లకాడ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"దాని తోలు ఉల్లిపొర లెక్కున్నది! కాలుతున్నా తెల్వదు ముసల్దానికి. బారెడు దూరం పెట్టాలె తెలివిగలదానా!"

తరవాత అటక ఎక్కాను. పల్లకీలో ముఖమల్ బాలీసు ఉంది, మా ముత్తాత ఆనుకున్నది. ఎలుకలు ఒక మూల కొరికాయి గానీ దూది ఉంది. కిందికి తోసి, లాక్కెళ్లి కుక్క కింద వేశాను. ఆ రాత్రి అది తెలియకుండా ఒంటికి పోసుకుంది. దూది తడిని పట్టుకుని వదల్లేదు. తెల్లారేసరికి కుక్క, బాలీసు రెండూ మంచులా ఉన్నాయి. మా నాయనమ్మ నన్ను బాదింది కుక్క కోసమో బాలీసు కోసమో ఇప్పటికీ చెప్పలేను.

ఆ ఏడు దసరాకు పాత గొంగడి నియమం ప్రకారం వెళ్లిపోయింది గానీ కొత్తది రాలేదు. మూడు తరాల్లో అదే మొదటిసారి. దానివల్లే కుక్కకు ఈ గతి పట్టిందని మా తాత మనసులో పడింది. నేతగాళ్లకు కబురు పంపాడు. గొంగడి వచ్చింది. నల్లది, ఎర్ర అంచుది, చింతగింజల గంజి వాసన గుప్పున కొట్టేది. విప్పి నిలబెడితే రేకులా నిలబడింది. మా తాత తన చేతులతో దాన్ని మడిచి కుక్క కింద సగం పరిచి, మిగతా సగం మీద కప్పాడు. ఆయన మొహంలో ఒక నిమ్మళం కనిపించింది.

మర్నాడు కుక్క గొంగడి దిగి నిలబడి ఉంది. మోచేతుల దగ్గర, తుంటి మీద తోలు లేచి ఎర్రగా ఉంది. అలవాటు కాలేదనుకుని మా తాత మళ్లీ పడుకోబెట్టాడు. మళ్లీ లేచింది. ఆ తరవాత పడుకోవడమే మానేసింది. మూడు రోజులు స్తంభానికి ఒరిగి నిలబడింది. నిద్ర ముంచుకొచ్చి మోకాళ్లు మడతపడితే పుండ్లు నేలకు తగిలి కుయ్యిమని మళ్లీ లేచేది. మా నాయనమ్మ బొక్కల చారులో రొట్టె నానబెట్టి నోటి దగ్గర పెడితే రెండు ముద్దలు తిని తల తిప్పుకుంది.

బుధవారం పశువుల దవాఖాన కంపౌండర్ సైకిల్ మీద వచ్చాడు. కీళ్లు వంచి చూశాడు, చిగుళ్లు చూశాడు.

"కీళ్లరిగినయి దొరా. గిట్ల నిలబడి నిలబడి గుండె ఆగుతది. పండుకుంటే వేరే ముచ్చట, పండుకుంటలేదు గదా. ఒక్క సూది ఇస్తే నిమ్మళంగ పోతది. ఆలోచన చేసుకోండ్రి. శనివారం మల్లొస్త."

తప్పు మాట ఏమీ అనలేదు ఆయన. మా తాత తల ఊపాడు. కంపౌండర్ వెళ్లాక మా నాయనమ్మతో అన్నాడు: "నిలబడి సావొద్దు అది. శనివారం దాకా పండుకోకుంటే సూది ఇప్పిద్దాం."

నేను తలుపు వెనుక విన్నాను.

ఊరవతల మా మెట్టనేల ఉంది, ఎర్రచెలక. అందులో ఏటా చలికాలం గొర్రెల మంద పెట్టేవాళ్లం. పంట తీసిన నేలలో రోజుకొక చోట గొర్రెల్ని పడుకోబెడితే వాటి పెంటతో నేల బలపడుతుంది. ఆ మంద ఒక కురుమ అవ్వది. మొగుడు పోయి ఆరేడేళ్లు, కొడుకును వెంటబెట్టుకుని రెండొందల గొర్రెలతో తిరిగేది. నేను అక్కడికి దొంగచాటుగా పోయేదాన్ని. అవ్వ గొర్రెపాలు పోసి జొన్నరవ్వ గట్క పెట్టేది. ఆ రుచి ఇంట్లో చెప్పుకునేది కాదు.

గురువారం పోయినప్పుడు నా కళ్లు గట్క మీద లేవు. అవ్వ కుక్క మీద ఉన్నాయి. అది మా దానికంటే ముసలిది, నోట్లో రెండు పళ్లు మిగిలాయి. కంచె చాటున చుట్టుకుని హాయిగా నిద్రపోతోంది.

"అవ్వా, నీ కుక్క ఎట్ల పండుతది?"

"ఎట్ల పండుతదేంది? కండ్లు మూసుకోని పండుతది."

"మాది మూడు దినాల సంది పండుతలేదు."

అవ్వ గట్క కలపడం ఆపింది. "ఏం కప్పిండ్రు దానికి?"

"కొత్త గొంగడి. తాత తెప్పిచ్చిండు."

అవ్వ నుదురు కొట్టుకుంది. "కొత్తదా! కొత్త గొంగడి మీద నేనే పండను. చింతగింజల గంజి పట్టిచ్చి నేస్తరు బిడ్డా. వానల తడిసి, ఎండల ఎండి, మనిషి కప్పుకోని నాలుగేండ్లు తిరిగితే గప్పుడు గొంగడైతది. మీ కుక్కకు బొక్కల మీద తోలు తప్ప ఏమున్నది? పాతది ఎయ్యుండ్రి."

"మా ఇంట్ల పాతది ఉండదు."

"గంత పెద్దింట్ల ఒక్క పాత గొంగడి లేదా?" నన్ను కిందికీ మీదికీ చూసింది. "పాపం," అంది.

మా కుటుంబాన్ని చూసి ఒకరు పాపం అనడం నేను వినడం అదే మొదటిసారి.

అవ్వ తన కుక్కను లేపకుండా పక్కకు జరిపి పడక చూపించింది. అడుగున పల్లికాయ పొట్టు నింపిన గోనెసంచి, నేలకు జానెడు ఎత్తులో. దాని మీద తన మొగుడి గొంగడి, నల్లదనం పోయి బూడిద రంగుకు తిరిగి, చేత్తో పట్టుకుంటే జారిపోయేంత మెత్తగా. గాలి వచ్చే వైపు తడికె. నన్ను కూర్చోబెట్టి అన్నీ చెప్పింది. నేల చలి పైకి రాకుండా సంచి ఉండాలి. పొట్టు తడిస్తే అదే రోజు మార్చాలి. "నీళ్లు గోరెచ్చగ పెట్టు. చల్లగుంటే ముసల్ది తాగదు, తాగకుంటే ఇంకా బిగుసుకపోతది. పొద్దెక్కినంక నడిపియ్యి, జరంతనే. గోర్లు పెరిగితే తియ్యుండ్రి, బండ మీద జారి నడుమిరుగుతది."

"గీ గొంగడి ఇస్తవా అవ్వా?"

"నీకియ్య బిడ్డా. నువ్వు సప్పుడుగాక తీసుకపోతే రేపు మీ తాత నా మంద మీదికొస్తడు. ఆయన్నే అడగమను."

ఇంటికొచ్చి చెప్పాను. మా తాత అరుగు మీద కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు, పక్కన స్తంభానికి ఒరిగి కుక్క. అంతా విన్నాడు.

"మన ఇంటోళ్లు ఒకరి దగ్గరికి పోయి ఏదన్న అడిగిన్రని నువ్వెప్పుడన్న విన్నవా?"

"లేదు తాతా."

"నేను గూడ వినలే."

లోపలి నుంచి మా నాయనమ్మ గొంతు వినిపించింది: "అయితే ఆ ముచ్చట కుక్కకు చెప్పుండ్రి. మన ఇంటిదే గదా, ఇజ్జత్ కప్పుకోని పండుతదేమో!"

ఆ సాయంత్రం మా తాత అన్నం తక్కువే తిన్నాడు.

శుక్రవారం పొద్దున ఆయన షేర్వానీ తొడుక్కున్నాడు. పెళ్లిళ్లకు తప్ప బయటికి తీయని షేర్వానీ అది. తలపాగా చుట్టుకున్నాడు. కొత్త గొంగడిని మడిచి తన భుజం మీద తనే వేసుకున్నాడు. మా ఇంటి మగవాళ్లు బరువు మోస్తూ వీధిలో నడవడం ఊరు చూడలేదు. దారిలో ఇద్దరు ముగ్గురు పరుగెత్తుకొచ్చి "మేం పట్టుకొస్తం దొరా" అన్నారు. వద్దన్నాడు. నేను వెనుక నడిచాను.

ఆయన్ని చూసి అవ్వ లేచి కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

"ఎందుకింత దూరం నడిస్తివి దొరా? కబురు పంపితే నేనే వస్తుంటి."

"కబురు పంపితే హుకుం అయితది. నేను అడగనీకె వచ్చిన."

"అడుగు మరి," అంది అవ్వ. కొంగు చాటున నవ్వుతోందని నాకు తెలుస్తూనే ఉంది.

మా తాత దూరంగా కనిపించే కృష్ణ వైపు చూశాడు. గొర్రెల వైపు చూశాడు. అలవాటు లేని మాట నోటికి రావడం కష్టం. గొంతు సవరించుకుని రెండుసార్లు మొదలుపెట్టి ఆపాడు. చివరికి అన్నాడు: "మా ముసల్దానికి పండనీకె మెత్తటి గొంగడి లేదు. నీ ఇంటాయనది జర ఇస్తవా?"

అవ్వ నవ్వు ఆగిపోయింది. తన కుక్కను లేపి, గొంగడి దులిపి, నాలుగు మడతలు పెట్టింది. మా తాత భుజం మీది కొత్తదాన్ని తీసి ముందుకు చాపాడు.

"బదులు ఇది ఉంచుకో."

"బదులేంది దొరా? ఇది మా ఆయనది. అమ్మేది గాదు, మార్చుకునేది గాదు. మీ ముసల్ది ఉన్నన్ని దినాలు కప్పుకోనీ. ఎనుక నాకు తెచ్చియ్యి."

"మరి నీ కుక్కకో?"

"దానికేంది? రెండొందల గొర్లున్నయి, నడుమ దూరి పండుతది. గొర్రెను మించిన గొంగడున్నదా? ఆ కొత్తది ఈడ పెట్టిపో. మా పోరడు కప్పుకోని నాలుగేండ్లల్ల మెత్తగ చేసిస్తడు. గప్పటికి నీకే పనికొస్తది."

మందలో ఉన్న ఆమె కొడుకు "అవ్వా!" అని బిక్కచచ్చిపోయాడు. మా తాత మాత్రం నవ్వాడు. ఆ చలికాలం ఆయన నవ్వడం అదే. కొత్తది అక్కడే పెట్టి, పాత గొంగడిని రెండు చేతులా అందుకున్నాడు. అందుకునేటప్పుడు ఆయన తల కొంచెం వంగింది. నేను చూశాను.

ఇంటికొచ్చాక గోనెసంచిలో పల్లికాయ పొట్టు నింపాం. దాన్ని ఎక్కడ వేయాలన్న ప్రశ్న వచ్చింది. అరుగు మీద మూడు వైపుల నుంచి గాలి. మా తాత సంచి ఎత్తుకుని గడప దాటి, ఒకప్పుడు ఊరి తగవులు విన్న కచేరీ గదిలో, ఎండ పడే కిటికీ కింద వేశాడు. గొంగడి పరిచాడు. కుక్కను ఆయన ముందు నుంచి, నేను వెనుక నుంచి పట్టుకుని తీసుకెళ్లాం. గడప దగ్గర అది ఆగింది. పన్నెండేళ్లుగా దాటనిది. "రా," అన్నాడు మా తాత.

గొంగడిని చాలాసేపు వాసన చూసింది. గొర్రె వాసన, పొగ వాసన, చుట్ట వాసన, ఇంకో ముసలి కుక్క వాసన. చుట్టూ తిరిగింది. వెనుకకాళ్లు వణికాయి. ముందుకాళ్లు మడిచింది, ఆగింది, వెనుకభాగాన్ని మెల్లగా దించింది. మోచెయ్యి గొంగడికి ఆనింది. కుయ్యిమనలేదు. పొడుగు మూతిని కాళ్ల మధ్య పెట్టుకుని పెద్దగా ఒక నిట్టూర్పు విడిచి నిద్రపోయింది.

ఆ రోజు మా ఇంట్లో రోకలి చప్పుడు లేదు. మా నాయనమ్మ రొట్టెలు తట్టకుండా గట్కతో సరిపెట్టింది. మధ్యాహ్నం ఎండ కిటికీ దాటిపోయేదాకా కుక్క కదల్లేదు. మా తాత అదే గదిలో పీట మీద కూర్చుని, ఎవరైనా గట్టిగా నడిస్తే వేలు చూపించేవాడు.

శనివారం కంపౌండర్ వచ్చాడు. కిటికీ దగ్గర నిలబడి కాసేపు చూశాడు. సూది బయటికి తీయలేదు. గోళ్లు తీసి, పుండ్లకు మందు రాసి, కాళ్లకు ఎట్లా నూనె మర్దన చేయాలో నాకు నేర్పి, నువ్వులద్దిన సజ్జరొట్టె తిని వెళ్లిపోయాడు.

తరవాతి రెండు నెలలు నా బాల్యంలో నాకు బాగా ఇష్టమైనవి. పొద్దున గోరువెచ్చని నీళ్లు నా పని. పొద్దెక్కాక దాన్ని వాకిలి చివరి దాకా నడిపించడం మా తాత పని. ఇద్దరూ ఒకే వేగంతో నడిచేవాళ్లు. చారులో రొట్టె మా నాయనమ్మ పని. గడప దాటిన కుక్క గురించి ఆమె ఎప్పుడూ ఎత్తిపొడవలేదు. వేప పూత వచ్చిన రోజుల్లో, వాకిట్లో ఎండలో పడుకుని ఉండగా, అది పోయింది. సూది లేదు. నిలబడి కూడా కాదు.

మా తాత గొంగడిని కుంకుడుకాయతో తనే ఉతికాడు. ఎండబెట్టి, మడిచి, మళ్లీ షేర్వానీ తొడుక్కుని తీసుకెళ్లి ఇచ్చాడు. ఆ రోజు వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నేను గట్క తింటున్నాను. ఈసారి తాత చూస్తుండగానే.

మా పెద్దలు ఇచ్చిన దానాల గురించి నేను చాలా విన్నాను. కొన్ని రాళ్ల మీద చెక్కి ఉన్నాయి కూడా. మేము పుచ్చుకున్నది మాత్రం ఎక్కడా రాసి లేదు, అందుకే నేను రాస్తున్నాను. ఆ అవ్వ ఇచ్చింది ఒక పాత గొంగడే. కానీ మా తాతకు ఒకరి ముందు చేయి చాపే అవకాశం ఇచ్చి, ఆ చేతిని చిన్నబుచ్చకుండా నింపి పంపింది. అంత మర్యాద మా వాళ్లు ఎందరికి చేసి ఉంటారో నేను చెప్పలేను.

కింది వాటా అమ్మాయికి ఇవన్నీ చెప్పాను. "అయితే ఇప్పుడేం చెయ్యాలె పెద్దమ్మా?" అంది. మీ ఆయన పాత ఉన్ని స్వెటర్ ఏదైనా ఉంటే ఉతక్కుండా ఆ పరుపు మీద వెయ్యమన్నాను. పరుపును బండ మీద కాకుండా చెక్కపలక మీద, గాలి తగలని మూలకు జరపమన్నాను. నీళ్లు వేడి చేసి పెట్టమన్నాను. దవాఖానకు తీసుకెళ్లి కీళ్లకు మందు కూడా అడగమన్నాను. నాలుగో రోజు మెట్ల మీది నుంచి కేక వేసింది: "పెద్దమ్మా, గుర్రు పెడుతున్నది!"

ఆ కుక్క పోయిన తరవాతి ఏళ్లలో మా చేతిలోంచి ఒక్కొక్కటే జారిపోయింది. ఇల్లు పోయింది, బావి కింది మడులు పోయాయి. కొనేవాళ్లు అన్నింటికంటే ముందు ఆ ఎర్రచెలకనే అడిగేవాళ్లు, ఏటా మంద పడ్డ నేల కదా. ఆ అవ్వ మంద తోలుకొచ్చినన్ని ఏళ్లు అది అమ్మేది లేదని మా తాత చెప్పేవాడు. ఆయన పోయాక మా నాన్న కూడా ఆ మాట మీదే నిలబడ్డాడు. ఒక చలికాలం ఆమె రాలేదు. కొడుకు ఒక్కడే వచ్చి, అవ్వ పోయిందని, మందను అమ్మేశానని చెప్పి వెళ్లాడు. ఆ ఎండాకాలం చెలక అమ్మాం. ఆరెకరాల పదహారు గుంటలు.